పన్నెండేండ్ల లెక్క

ఫాల్గుణం వచ్చేసరికి సత్తుపల్లి చుట్టుప్రక్కల అడవికి ఆకు మిగలదు. టేకుచెట్లు మోడులై నిలుస్తాయి. దమ్మపేట దిక్కుగా పోయే బాట కిరుప్రక్కలా ఎండుటాకులు గాలికి దొర్లుతూ ఉంటాయి. ఆ ఎండు అడవిలో రెండు చెట్లు మాత్రం ఆకుకోసం ఎదురుచూడవు. మోదుగ నిలువెల్లా ఎర్రబడుతుంది. ఇప్పచెట్టు కొమ్మల చివర గుత్తులు కట్టి, తెల్లవారుజామున పూవును నేలకు రాల్చుతుంది. ఆ పూవును ఏరుకొనే కోయస్త్రీలు చీకటితోనే గంపలు పట్టుకొని బయలుదేరుతారు.

ఆ రోజులలోనే ఈ బాటల మీదికి మరియొక రాకడ మొదలవుతుంది. శ్రీరామనవమికి భద్రాచలం నడిచిపోయేవారు గుంపులు గుంపులుగా సాగుతారు. కొందరి తలమీద మూటలుంటాయి. కొందరి చేతిలో చిడతలు. గోటితో ఒలిచిన తలంబ్రాల బియ్యాన్ని పసుపుగుడ్డలో కట్టుకొని పోయేవారు కూడా ఉంటారు. ఒక ప్రక్క సింగరేణి ఉపరితల గని నుండి వచ్చే బొగ్గులారీలు దుమ్ము లేపుకొంటూ పోతుంటాయి. వాటికి దారి ఇచ్చి, మట్టి దిగువకు జరిగి, మళ్ళీ పాట అందుకొంటారు.

ఆ పాటలను కొంచెం చెవియొగ్గి వింటే ఒక చిత్రం కనబడుతుంది. వారు పోతున్నది పెండ్లికి. సీతారాముల కల్యాణానికి. కాని వారు పాడుకొంటున్నవి చాలవరకు పెండ్లిపాటలు కావు, చెరసాల పాటలు. దెబ్బలు తిన్నవాడు, బాకీపడినవాడు, పిలిచి పిలిచి గొంతు రాసినవాడు దేవునితో పెట్టుకొన్న తగవు ఆ పాటలలో ఉన్నది. పెండ్లికి పోతూ ఒక ఖైదీ మొరను పాడుకొనే ఆచారం లోకంలో మరెక్కడైనా ఉన్నదో లేదో గాని, ఈ అడవి అంచున మాత్రం అది ఎవరికీ వింతగా తోచదు.

ఆ ఖైదీ కంచర్ల గోపన్న. లోకం ఆయనను రామదాసు అన్నది.

ఆయన ఊరు నేలకొండపల్లి, ఖమ్మానికి నైరృతి దిక్కున ఉన్నది. తండ్రి లింగన్నమంత్రి, తల్లి కామాంబ. పుట్టినది పదునేడవ శతాబ్దిలో. మేనమామలు అక్కన్న మాదన్నలు గోలకొండ కొలువులో మంత్రులు. ఆ కొలువుకు ప్రభువు అబుల్ హసన్ కుతుబ్ షా, తెలుగువారి నోట తానాషా. మేనమామల పలుకుబడివల్ల గోపన్నకు పాల్వంచ పరగణాకు తహసీల్దారు పని దొరికినది. సత్తుపల్లి నుండి భద్రాచలం పోయేవారు నేటికీ దాటి పోయే పాల్వంచయే అది. ఇప్పటి లెక్కలో పాల్వంచ, భద్రాచలం 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోవి. సత్తుపల్లి ఖమ్మం జిల్లాలోనే ఉండిపోయినది. అంతకు మునుపు భద్రాచలం తూర్పుగోదావరిలో ఉండి 1959లో ఖమ్మంలో కలిసినది. జిల్లాల గీతలు మారుతూనే ఉన్నవి, యాత్రికుల కాలిబాట మారలేదు. 1965లో గోదావరిమీద వారధి అయ్యేవరకు ఆఖరి మజిలీ పడవమీద సాగేది, అంతే తేడా.

గోపన్న వచ్చేనాటికి భద్రగిరిమీద గుడి లేదు. పోకల దమ్మక్క అనే భక్తురాలు పుట్టలో దొరికిన మూర్తులకు పందిరి వేసి, తాటిపండు నివేదించి పూజించుకొనేదని చెప్పుతారు. ఆ పందిరిని చూచి ఆయన గుడి కట్టదలచినాడు. చందాలు చాలలేదు. రాజుకు పంపవలసిన పన్నుల సొమ్ము చేతిలో ఉన్నది. దానిని వెచ్చించినాడు. ఆ మొత్తం ఆరులక్షలని జనశ్రుతి.

రామదాసు కథను చెప్పేవారు ఇక్కడ సాధారణంగా తొందరపడతారు. చలనచిత్రాలలోనైతే, 1964లో నాగయ్య తీసి నటించిన దానిలోగాని, 2006లో వచ్చిన దానిలోగాని, కొరడాలు, కన్నీళ్ళు మనసును పట్టివేస్తాయి. కాని తరగతిలో బాలుడు లేచి, "అయ్యా, రాజుగారి సొమ్ము అడగకుండా తీయవచ్చునా?" అని ప్రశ్నిస్తే ఉపాధ్యాయుడు ఏమి చెప్పగలడు? ప్రశ్న న్యాయమైనదే. పన్ను రైతుది, ఖజానా ప్రభువుది, తహసీల్దారు నడుమనున్న నమ్మకస్థుడు. ఆ నమ్మకం తప్పినది. సొమ్మును తాను తినలేదన్నదే గోపన్న వాదం, తీయలేదని కాదు. ఏ పాపమూ ఎరుగని అమాయకునికి వచ్చిన కష్టంగా ఈ కథను చెప్పుకోవడం సులభం. కాని అప్పుడు ఇది ఎవరికీ పనికిరాదు. మనుష్యులకు వచ్చే కష్టాలలో చాలావాటికి వారి చేతి మరక కొంత అంటుకొనే ఉంటుంది. ఆ మరక ఉన్నవానికి ఆశ ఎక్కడినుండి వస్తుందన్నదే రామదాసు పాటలలోని అసలు సంగతి.

గోలకొండలో ఆయనను బంధించినదని చూపే గది ఈనాటికీ ఉన్నది. బాలాహిసారు ఎక్కే మెట్ల దారిలో, పైకప్పులోని రంధ్రం నుండి వెలుగు దిగే గది. గోడమీద రాముడు, హనుమంతుడు మొదలైన మూర్తులు చెక్కి ఉన్నవి. వాటిని రామదాసే చెక్కినాడని చూపరులు చెప్పుకొంటారు. అక్కడ ఆయన పన్నెండేండ్లు ఉన్నాడట. చరిత్ర తెలిసినవారికి ఈ పన్నెండు కొంత చిక్కు తెస్తుంది. తానాషా ఏలుబడి 1672 నుండి 1687 వరకు, పదునైదేండ్లే. ఉద్యోగం, గుడి కట్టుబడి, చెర, విడుదల అన్నీ ఆ పదునైదింటిలో ఇమడవలెను. ఇముడునా, ఇమడదా అన్న తర్కం పండితులకు విడిచిపెట్టవచ్చును. తెలుగులో పన్నెండేండ్లకు వేరే పేరొకటి ఉన్నది. పుష్కరకాలం. బృహస్పతి ఒక చుట్టు తిరిగివచ్చే కాలం. గోదావరికి 2003లో పుష్కరాలు వచ్చినవి, మళ్ళీ 2015లో వచ్చినవి. ఒడ్డున నివసించే జనం తమ దాసుని చెరను కొలిచిన కొలత తమ నది కొలతయే. నది కూడా పన్నెండేండ్లు వేచి ఉండవలసినదే కదా.

(కబీరుదాసు వచ్చి గోపన్నకు తారకమంత్రం ఇచ్చినాడన్న కథ కూడా ఇటువంటిదే. కబీరు కాలం పదునైదవ శతాబ్ది. గోపన్నకు రెండువందల ఏండ్లు ముందు. తేదీలు కలియవు. కాని ఒక తెలుగు వైష్ణవునికి గురువుగా కాశీ సాలెవానిని ఊహించుకొన్న జనం మనసు ఎంత విశాలమైనదో ఆ పొరపాటే చెప్పుతుంది.)

రామదాసుకు రెండు తెలుగులున్నవి. ఒకటి దాశరథీ శతకంలోనిది. ఉత్పలమాలలు, చంపకమాలలు, అనుప్రాసల జడి, దీర్ఘసమాసాల నడక. వేమన, సుమతి పద్యాల తరువాత బడిపిల్లలు ఈ శతకానికి వచ్చినప్పుడు మొదట కొంత తడబడతారు, తరువాత ఆ ఊపుకు అలవాటుపడి గొంతెత్తి చదువుతారు. అది చదువుకొన్న గోపన్న తెలుగు. కీర్తనలలోనిది వేరు. అక్కడ సమాసం చాలవరకు సడలిపోయినది. ఇంటిలో అన్నదమ్ములతో, అత్తమామలతో పోట్లాడేటప్పుడు వచ్చే మాట అది. నాదనామక్రియ, ఆనందభైరవి వంటి రాగాలలో, ఎవరి గొంతుకైనా ఒదిగే వరుసలలో ఆ మాట పాట అయినది.

ఆ కీర్తనలలో ఇంకొకటి కూడా వినబడుతుంది. కచేరీ.

చెరసాలలో పడినా గోపన్నలోని తహసీల్దారు పోలేదు. దేవునికి ఆయన పెట్టుకొన్నది ఒక విధంగా అర్జీ. తనకు ముందు ఎవరెవరికి ఈ సన్నిధిలో న్యాయం దొరికినదో నజీరులు చూపుతాడు: రాయియైన అహల్య సంగతి ఏమి, మొసలి నోటబడిన గజరాజు సంగతి ఏమి, సేతువు నాడు ఇసుకలో పొర్లిన ఉడుత సంగతి ఏమి. ఉడుతకు దక్కినది తనకు ఎందుకు దక్కదని నిలదీస్తాడు. పెద్ద అధికారి పలుకకపోతే ఇంటివారిచేత చెప్పించడం కచేరీ లోకంలో అందరూ ఎరిగిన ఉపాయమే. రామదాసు కూడా సీతమ్మ దగ్గరకు పోయి, ఏకాంతవేళ ఒక్కమాట తన గురించి చెప్పుమని వేడుకొన్నాడు. సిఫారసు అన్నమాట.

అదీ పారలేదు. అప్పుడు చిఠ్ఠా విప్పినాడు. సీతమ్మకు చింతాకు పతకం, భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి బంగారు మొలత్రాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, రామునికి కలికితురాయి. ఏ నగకు ఎన్ని వేలు పట్టినవో కూడా చెప్పినాడు. ఇవన్నీ పెట్టుకొని కులుకుతున్నావే, ఇవి నీ తండ్రి ఇచ్చినవా, మామగారు పెట్టినవా అని రాముని నిలవేసినాడు. తెలుగు భక్తి సాహిత్యంలో దేవుని దెప్పినవారు లేకపోలేదు. ధూర్జటి రాజులమీద మండిపడి శివునితో మొరపెట్టుకొన్నాడు. అన్నమయ్య చనవుగా మేలమాడినాడు. కాని దేవుని ముందు ఖర్చుల పద్దు పరచి, అంకెలు చూపి, బాకీ తీర్చుమన్నవాడు రామదాసు ఒక్కడే అనవచ్చును.

ఆ కీర్తనను హాస్యంగా తీసుకొని నవ్వేవారు ఉన్నారు. నవ్వు వచ్చే మాట కూడా నిజమే. కాని దానిని చెరసాల చీకటిలో నిలిపి చదివితే నవ్వు ఆగిపోతుంది. జీవితంలో కష్టకాలం వచ్చినప్పుడు మంచివాడైన మనిషి మొదట చేసేది ఈ లెక్కయే. ఇంత చేసినానే, ఇన్ని ఉపవాసాలు, ఇంతమంది పిల్లలకు చదువు, ఇన్ని ఏండ్ల సేవ; మరి నాకు దక్కినది ఏమి? పైకి అనకపోయినా లోలోపల ఆ పద్దు తిరిగి తిరిగి కూడుకొంటాడు. రామదాసు పైకి అన్నాడు. అంతే.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ తిట్లతో పాటు మరియొక మాట కూడా ఆయన పాటలో ఉన్నది. దెబ్బల బాధ ఓర్వలేక ఏదో అనివేసినాను, మనసులో పెట్టుకోకయ్యా అని దేవునిముందు తగ్గిన మాట. నిండు కచేరీలో గొంతు చించుకొన్న మనిషి సాయంత్రం ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, తగ్గిన గొంతుతో మాట్లాడినట్లు ఉంటుంది అది.

రామదాసు కథలో మలుపు ఎక్కడ ఉన్నదని అడిగితే చాలామంది విడుదల రాత్రిని చూపుతారు. ఆ రాత్రి కథ అందరికీ తెలిసినదే. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు యువకులు తానాషా పడకటింటికి వచ్చి ఆరులక్షలూ కుమ్మరించినారు. ఆ నాణేలకు రామమాడలని పేరు. సొమ్ము ముట్టినట్లు ప్రభువు చేత రసీదు వ్రాయించుకొని, ఆ రసీదును నిదురపోతున్న గోపన్న దగ్గర ఉంచి వెళ్ళిపోయినారు. లెక్కల మనిషికి దేవుడు లెక్కలోనే జవాబు చెప్పినాడు: చెల్లుచీటీ ఇచ్చినాడు. జనం కల్పనలోని ఈ సొగసును ఏ కవీ మించలేడు.

కాని ఈ కథను చెప్పేవారు చివరి భాగాన్ని కూడా దాచరు. తెల్లవారి సంగతి తెలిసి గోపన్న సంతోషించలేదు, ఏడ్చినాడు. దర్శనం దక్కినది తురక ప్రభువుకు. పన్నెండేండ్లు పిలిచినవానికి దక్కినది కాగితం ముక్క. లెక్క తీరినది. తీరిన ఆ లెక్క చేతిలో పెట్టుకొని చూస్తే, తాను అడుగుతూ వచ్చినది అది కాదని ఆయనకు తెలిసి ఉండవలెను.

అందుచేత మలుపు విడుదల రాత్రిలో లేదు. అది ఆ తిట్టుకూ, ఆ క్షమాపణకూ నడుమ ఎక్కడో ఉన్నది. లేనివానిని తిట్టవచ్చును, గోడనూ తిట్టవచ్చును, విధినీ తిట్టవచ్చును. క్షమించుమని అడగడానికి మాత్రం ఎదుట ఒకరు ఉండవలెను, ఆయన మనసు నొచ్చుకొనేవాడై ఉండవలెను. తన దెబ్బల కంటె ఎదుటివాని నొప్పి ఒక్క క్షణం పెద్దదిగా తోచిన ఆ పూట, గోపన్న ఆ గదిలో ఒంటరిగా లేడు. సంకెల తెగలేదు, తలుపు తెరుచుకోలేదు, బాకీ ఒక్క కాసు తగ్గలేదు. అయినా పాట మారినది. తానాషాకు కలిగిన దర్శనం అంతకంటె పెద్దదా అంటే, కాదనే చెప్పవలసి ఉంటుంది.

తానాషా మాట వచ్చినది గనుక ఆయన సంగతి కూడా కొంత చెప్పుకోవడం న్యాయం. పాఠ్యపుస్తకాలలో ఆయన గోలకొండ చివరి ప్రభువు అన్న ఒక్క వాక్యంతో సరి. అబుల్ హసన్ రాజు కాకమునుపు షా రాజు అనే సూఫీ గురువు ఆశ్రయంలో పేదగా పెరిగినవాడు. తానాషా అన్న పేరు ఆ గురువు ముద్దుగా పెట్టినదే. అక్కడినుండి పిలిపించి అబ్దుల్లా కుతుబ్ షా తన కూతురును ఇచ్చినాడు. ఆ అల్లుడే 1672లో సింహాసనమెక్కినాడు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు కోటను ముట్టడించినాడు. చివరకు లోపలివాడే తలుపు తీసినాడు. మొగలు సర్దారులు లోపలికి వచ్చినప్పుడు తానాషా చలించలేదనీ, వారిని కూర్చుండబెట్టి తన వేళకు తాను భోజనం చేసినాడనీ, సుఖమూ దుఃఖమూ ఇచ్చేవాడు ఒక్కడే గదా అన్న భావంతో మాట్లాడినాడనీ ఖాఫీఖాను తన చరిత్రలో వ్రాసినాడు. తరువాత ఆయనను దౌలతాబాదు కోటకు పంపినారు. పన్నెండేండ్లకు పైగా అక్కడనే బందీగా ఉండి అక్కడనే కన్ను మూసినాడు. సమాధి దగ్గరలోని ఖుల్దాబాదులో. ఆయనను బంధించిన ఔరంగజేబు సమాధి కూడా ఆ ఊరిలోనే ఉన్నది.

బంధించినవానికి కూడా పుష్కరకాలం చెర ప్రాప్తించినది. చేసిన పాపం పండినదని చెప్పడానికి ఇది మంచి అవకాశం. తెలుగు జనం మాత్రం ఆ మాట అనలేదు. వారి కథలో తానాషా దుర్మార్గుడు కాడు. రాముని కంటితో చూచిన అదృష్టవంతుడు. కల్యాణానికి ప్రభుత్వం నుండి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీకి కూడా ఆయననే మూలపురుషునిగా చెప్పుకొంటారు. నిజాముల కాలంలో అది సాగినది. నేటి ప్రభుత్వాలూ పంపుతున్నవి. ఖైదీ పాటనూ, ఖైదు చేసినవాని ముత్యాలనూ ఒకే పందిరి క్రిందికి తెచ్చుకొన్న ఈ ప్రాంతపు బుద్ధి చాలా లోతైనది.

రామదాసు తరువాత ఆ సేవ కొంతకాలం సన్నగిల్లినది. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగంలో గుంటూరు నుండి తూము నరసింహదాసు వచ్చి, వరదరామదాసుతో కూడి నిత్యసేవలను మళ్ళీ నిలబెట్టినాడు. తానూ కీర్తనలు వ్రాసినాడు. తంజావూరు సీమలో త్యాగరాజు రామదాసును తలచుకొన్నాడు. ఇరువదవ శతాబ్దిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు ఆ కీర్తనలను రేడియో ఉన్న ప్రతి ఇంటికీ చేర్చినది. కాని వీరందరికంటె ఆ పాటలను ఎక్కువగా కాపాడినవారు పల్లెల భజనగుంపులవారే. సత్తుపల్లి పరిసరాలలో మామిడితోటల కాపలావారూ, పామాయిలు గెలలు కోసేవారూ, గని పనివారూ రాత్రి గుడి అరుగుమీద చేరి తాళాలు అందుకొన్నప్పుడు, రాగం పేరు చెప్పగలిగినవారు నూటికి ఒక్కరు ఉండకపోవచ్చును. అప్పు పత్రం ఎరిగినవారు, పంట పోయిన ఏడు ఎరిగినవారు, ఇంటిలో ఒక మనిషిని పోగొట్టుకొన్నవారు మాత్రం అందరూ. నగల పద్దు పాడే చోట వారి గొంతు లేస్తుంది. తప్పు మన్నించుమనే చోట తాళం దానంతట అదే నెమ్మదిస్తుంది. అలా పాడవలెనని వారికి ఎవరూ నేర్పలేదు.

ఇక నవమినాడు భద్రాచలంలో జరిగేది. మిథిలా ప్రాంగణం ఎండలో జనంతో క్రిక్కిరిసి ఉంటుంది. శంఖచక్రాలు దాల్చిన చతుర్భుజ రాముడు, తొడమీద సీతమ్మ. లోకంలో మరెక్కడా లేని ఆ మూర్తికి ప్రతిరూపాలైన ఉత్సవమూర్తులు మండపంలో కూర్చుంటారు. అభిజిల్లగ్నం దగ్గర పడుతుండగా అర్చకులు నగలను ఒక్కొక్కటిగా చేతబట్టి జనానికి ఎత్తి చూపుతారు. ఇది రామదాసు చేయించిన చింతాకు పతకం. ఇది రామదాసు చేయించిన కలికితురాయి. ఆ పేరు వినబడినప్పుడల్లా నడిచివచ్చినవారి నడుమ ఒక కదలిక పుట్టుతుంది. దారిపొడుగునా తాము పాడుకొంటూ వచ్చిన పద్దు అది. చెరసాలలో ఒక్కడు దేవునికి చదివి వినిపించిన ఆ జాబితాను దేవుని పక్షాన అర్చకులు వేలమందికి చదివి వినిపిస్తారు.

ఆ తరువాత మాంగల్యధారణ. ఇతరచోట్ల రెండు సూత్రాలు. భద్రాద్రిలో మూడు. ఒకటి దశరథుని తరపున, ఒకటి జనకుని తరపున. మూడవది రామదాసు తరపున.